పంపర పనస, ఈత కల్లు, నౌపడ ఉప్పు

వినాయక చవితికి పాలవెల్లి కట్టే నాటికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పెరళ్లలో పంపర పనసలు బరువెక్కి కొమ్మలు వంచేస్తుంటాయి. పండుగనాడు ఒకటో రెండో దేవుడి నెత్తిన వేలాడతాయి. మిగతావాటిని పట్టించుకునే తీరిక పెద్దవాళ్లకి ఉండదు. ఇక్కడ కొబ్బరికి లెక్కుంది, జీడిపిక్కకి లెక్కుంది, పనసకాయకి లారీ బేరముంది. పంపర పనస మాత్రం బావిగట్టునో తోటమూలనో దాని మానాన అది కాస్తుంది. తినాలంటే ఓపిక కావాలి. బొటనవేలంత మందం తొక్క చీల్చి, తెల్లటి మెత్త తీసి, తొన మీది పొర కూడా ఒలిచి, లోపలి ముత్యాలను ఉప్పూకారంలో అద్దుకోవాలి. పొర ఒలవడానికి బద్ధకిస్తే నోరంతా చేదు.

ఆ చేదుకి లోకంలో మంచి గిరాకీ ఉంది. పంపర పనస జాతి కాయ ఒకటి ఓడలెక్కి కరీబియన్ దీవులు చేరింది. బార్బడోస్‌లో తీపి నారింజతో దానంతట అదే జతకట్టింది. ఆ సంకరం బిడ్డే గ్రేప్‌ఫ్రూట్. 18వ శతాబ్దం నాటి మాట ఇది. తల్లి చేదునిచ్చింది, తండ్రి రసాన్నిచ్చాడు. ఇప్పుడు ఏ మహానగరంలో మంచి బారుకెళ్లినా గ్రేప్‌ఫ్రూట్ రసంతో కలిపే చేదు పానీయం ఒకటి పట్టీలో కనిపిస్తుంది. ఇటలీవాళ్లకి 1860 నుంచి కంపారీ ఉంది, 1919లో పాదువాలో పుట్టిన అపెరోల్ ఉంది. రెండూ చేదు మూలికల సారాలే. అపెరోల్‌లో ఆల్కహాల్ 11 శాతమే. దానికి రసం, సోడా, మంచు చేరితే గ్లాసులో మిగిలేది రెండు మూడు శాతం. భోజనానికి ముందు ఆకలి పుట్టించడానికి తాగుతారు గానీ తూలడానికి కాదు. మెక్సికోవాళ్లు టెకీలాలో గ్రేప్‌ఫ్రూట్ సోడా పోసి పలోమా అంటారు. గ్లాసు అంచుకి ఉప్పు రాసి, జిన్‌లో గ్రేప్‌ఫ్రూట్ రసం పోస్తే దాని పేరు సాల్టీ డాగ్.

తేలిక మద్యం, చేదు రసం, ఉప్పు. టెక్కలి నుంచి కవిటి దాకా ఉన్న ఈ తీరంలో ఈ మూడూ కొనకుండానే దొరుకుతాయి. మరి ఇక్కడ ఆ గ్లాసు ఎందుకు పుట్టలేదన్న ప్రశ్న పట్టుకుని ఊళ్లు తిరిగితే ఉద్దానం చరిత్ర చాలావరకూ చేతికొస్తుంది.

ముందు ఉప్పు. టెక్కలికి దక్షిణంగా, హౌరా–చెన్నై రైలు మార్గం మీద నౌపడ. స్టేషన్ దాటగానే ఉప్పుమళ్లు మొదలవుతాయి. ఎండాకాలంలో తెల్లని కుప్పలు, వానాకాలంలో ఊరికే మెరిసే నీళ్లు. పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు 1900లో బయల్దేరింది ఈ నౌపడ నుంచే. ఇప్పుడది పెద్ద లైనై గుణుపూర్ దాకా పోతోంది. పక్కనే తేలినీలాపురం. చలికాలంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చింతచెట్ల మీదే కాపురం పెడతాయి, ఊరివాళ్లు వాటి రొదకి అలవాటుపడిపోయారు. ఈ చిత్తడి నేలల్లో థర్మల్ కేంద్రం వద్దన్నందుకు 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. అంతకు ముందు ఏడాది జులైలో సోంపేటలో బీల అనే చిత్తడి నేల కోసమూ అదే జరిగింది. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఇప్పుడు ఈ తీరంలోనే మూలపేట పోర్టు పనులు.

ఉప్పు చేదుని ఎందుకు చంపుతుందో శాస్త్రవేత్తలు 1997లో నేచర్ పత్రికలో రాశారు. సోడియం నాలుక మీద చేదుని అణిచేస్తుంది, దాంతో అడుగున ఉన్న తీపి పైకి తేలుతుంది. పంపర పనస తొనను ఉప్పులో అద్దిన పిల్లలకి ఈ సంగతి ఆ పత్రిక కంటే చాలాముందే తెలుసు.

ఇక కల్లు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎన్నున్నా కొబ్బరి కల్లు అరుదు. కాయ కోసం పెంచిన చెట్టుని ఎవరూ గీయించుకోరు. తాగేది తాటి కల్లు, చలిలో ఈత కల్లు. గీతకత్తి, మోకు, లొట్టి ఉన్నవాడికి ఇది వృత్తి. తెల్లారకముందే చెట్టెక్కి, గెలకొన సన్నంగా కోసి, లొట్టి దించుకోవాలి. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరే. గాలిలోని ఈస్టు, లొట్టిలో నిన్నటి నుంచి దాగి ఉన్న ఈస్టు తగిలిన కొద్ది గంటలకే కల్లవుతుంది. అందుకే నీరా కావాలనుకున్నవాళ్లు లొట్టి లోపల సున్నం పూస్తారు. పొద్దున తియ్యగా, మధ్యాహ్నానికి చురుగ్గా, సాయంత్రానికి పుల్లగా మారుతుంది. మర్నాటికి వెనిగరే. మామూలు కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతం, ఇంచుమించు బీరంత.

దుకాణంలో అమ్మే విస్కీలో అది 42.8 శాతం. ఒక క్వార్టర్‌లో ఉన్న ఆల్కహాల్ కల్లు రూపంలో ఒంట్లోకి వెళ్లాలంటే లీటరున్నరకి పైగానే తాగాలి. లీటరున్నర తాగడానికి పొట్ట ఒప్పుకోవాలి, పూట పట్టాలి, మధ్యలో కబుర్లు కావాలి. క్వార్టర్‌కి ఇవేవీ అక్కర్లేదు. లోకమంతా ఇప్పుడు తేలిక మద్యం ఫ్యాషనంటూ తిరిగి వెనక్కొస్తుంటే, మనం మాత్రం తేలికదాన్ని చిన్నచూపు చూసి బరువుదానికి లైసెన్సులిచ్చాం. 2024లో వచ్చిన కొత్త మద్యం విధానంలో ఈ రాష్ట్రం పదోవంతు దుకాణాలను గీత కులాలకు కేటాయించింది. చెట్టెక్కే కులానికి న్యాయం చేయాలనుకోవడం మంచిదే. కానీ ఆ దుకాణంలో కల్లు ఉండదు, క్వార్టర్లుంటాయి.

ఈ గీత వృత్తి ఒకసారి ప్రభుత్వాన్నే పడగొట్టింది. ఆ కథకి నాయకుడు ఉద్దానం వాడే. సోంపేట దగ్గర బారువలో 1909లో గీత కుటుంబంలో పుట్టిన గౌతు లచ్చన్న. 1930లో చదువు మానేసి, బారువ ఒడ్డున సముద్రపు నీటితో ఉప్పు వండి సత్యాగ్రహంలో దిగాడు. జైళ్లు చూశాడు. స్వరాజ్యం వచ్చాక ఆయన తలపడింది మద్యనిషేధంతో. మద్రాసు రాష్ట్రం అమలు చేసిన నిషేధం 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికీ వారసత్వంగా వచ్చింది. ఆ చట్టం కింద కల్లూ మద్యమే, గీత కార్మికుడూ నేరస్థుడే. నిషేధం పనిచేయడం లేదు, ఎత్తేయండని రామమూర్తి కమిటీ నివేదిక ఇచ్చినా టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. లచ్చన్న గీత కార్మికుల్ని సత్యాగ్రహానికి నడిపించాడు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానం నెగ్గింది. తేడా ఒక్క ఓటు. తుపాకీకి గుండె చూపించిన ఆంధ్రకేసరి, చివరికి కల్లు ముంత దగ్గర పదవి పోగొట్టుకున్నాడు. ప్రకాశం మీద గౌరవం ఏమాత్రం తగ్గకుండానే ఈ సంగతిలో లచ్చన్న వైపు నిలబడొచ్చని నా అభిప్రాయం. లచ్చన్న 2006లో కన్నుమూశాడు. పలాసలో ఆ కుటుంబం ఇప్పటికీ రాజకీయాల్లో ఉంది.

ఉప్పు వండినవాడూ, కల్లు కోసం కొట్లాడినవాడూ ఒకడే కావడం మన గ్లాసుకి కలిసొచ్చిన విషయం. కానీ గ్లాసు కలపబోతే మొదటి అడ్డంకి పంచాంగం. తాటి కల్లు పారేది మాఘ ఫాల్గుణాల నుంచి ఎండాకాలం చివరిదాకా. అప్పటికి పంపర పనస చెట్టు మీద పిందెలైనా సరిగా ఉండవు. కాయ రసానికొచ్చేది భాద్రపదం దాటాకే. ఆ రోజుల్లో పారేది ఈత కల్లు. రెండూ ఒకచోట చేరే నెల కార్తికం. కార్తికంలో సగం ఊరు నియమాల్లో ఉంటుంది. తాగేవాడు కూడా సోమవారం ముట్టడు. అయినా మంగళవారాలున్నాయి.

మందస వైపు వెళ్లే దారిలో ఒక గీత కార్మికుణ్ని ఈ కలయిక గురించి అడిగితే మొహం చిట్లించాడు. “పులుపు పొయ్యడమేటి బాబూ? సాయంత్రం దాకా ఆగితే అదే పులిసిపోద్ది కదా. మంచి కల్లుకి ఎండుసేప సాలదేటి?” ఆయన అన్నదాంట్లో న్యాయముంది. మంచి కల్లుని పాడుచెయ్యకూడదు. కానీ చేదు వేరు, పులుపు వేరు. కల్లులో తీపీ పులుపూ ఉన్నాయి, చేదే లేదు. పంపర పనస ఇచ్చేది ఆ చేదునే.

చేసే పద్ధతి తేలికే. పొద్దున దించిన ఈత కల్లు, ఇంకా నురగ చావనిది, పలచటి గుడ్డలో వడకట్టాలి. పంపర పనస తొనలు ఒలిచి ముత్యాలు విడదీసి చేత్తోనే పిండాలి. మిక్సీలో వేస్తే గింజా పొరా నలిగి చేదు హద్దు దాటుతుంది. నారింజిన్ అనే చేదు పదార్థం ఎక్కువగా ఉండేది తెల్ల మెత్తలో, పొరలోనే. అందుకని చేదు కావాలంటే రెండు మూడు తొనలకి పొర ఉంచి పిండండి, వద్దంటే మొత్తం ఒలిచెయ్యండి. చేదు కొలత మీ చేతుల్లోనే ఉందన్నమాట. పిండిన రసం దాచకూడదు. నిమ్మజాతి రసాల్లో కొన్ని నిలవ ఉన్నకొద్దీ ఇంకా చేదెక్కుతాయి. 150 మిల్లీలీటర్ల కల్లుకి 60 మిల్లీలీటర్ల రసం. ఉప్పు చిటికెడు, గ్లాసు అంచుకి కాదు, లోపలికే. పచ్చిమిరపకాయ ఒకటి నిలువునా చీల్చి వెయ్యండి. మంచు తక్కువ. కల్లుని ఊపకూడదు, ఊపితే పొంగి గ్లాసులో సగం బల్ల మీదే ఉంటుంది. ఆల్కహాల్ మూడు శాతం చుట్టుపక్కల. ముందు చేదు తగులుతుంది, వెనకాల ఈత కల్లు తీపి వస్తుంది, మిరపకాయ గొంతులో చివరికి పలకరిస్తుంది. నాకు నచ్చింది. ఎండుచేప దీనికీ సరిపోయింది, ఆ మాట మందస మావయ్యకి చెప్పాల్సి ఉంది.

ఎండాకాలానికైతే వేరే చేదు, నిజానికి వగరు, పలాసలో ఉంది. కాశీబుగ్గ జీడిపప్పు గురించి కొత్తగా చెప్పేదేముంది. పిక్కలు కాల్చడం, కొట్టడం, పప్పు ఒలవడం, గ్రేడు చేయడం, అందులో ఆడవాళ్ల వేళ్లకంటిన జీడి నూనె మచ్చలు, ఇవన్నీ అందరూ రాసినవే. పిక్క తీసేశాక మిగిలే జీడిమామిడి పండు సంగతి మాత్రం తక్కువ రాశారు. తోటలో రాలిన పండు మర్నాటికి నిలవదు. పిక్క తిప్పి తీసుకుని పండుని చాలావరకూ చెట్టు కిందే వదిలేస్తారు. గోవాలో ఇదే పండుని తొక్కి, పులియబెట్టి, మొదటిసారి దించిన తేలిక సారాయిని ఉర్రాక్ అంటారు. ఎండాకాలమంతా సోడా, నిమ్మ, ఉప్పు, పచ్చిమిరపకాయతో తాగుతారు. మళ్లీ దించితే ఫెనీ. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండులో గొంతు పట్టుకునే వగరు టానిన్లది. రసంలో పలచటి గంజి పోసి కదలకుండా ఉంచితే టానిన్లు అడుగుకి దిగిపోతాయి. గంజికి మన ఇళ్లలో కరువు లేదు. మద్యం వరకూ వెళ్లక్కర్లేదు, ఆ తేటరసమే ఉప్పేసి చల్లగా ఇస్తే పలాస బస్టాండులో అమ్ముడుపోదా? తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 వేకువజామున ఇక్కడే తీరం దాటి జీడి, కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. మళ్లీ నాటిన కొబ్బరి కాపుకి రావడానికి ఏళ్లు పట్టే చోట, పండు పారబొయ్యడం నాకు మింగుడుపడదు.

ఇంతవరకూ వచ్చాక ఇక దాటవేయలేని మాటొకటుంది. ఉద్దానంలో గ్లాసు చేతికివ్వబోయేవాడు ముందు ఎదుటిమనిషి కిడ్నీల గురించి ఆలోచించాలి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో 1990ల నుంచీ కిడ్నీ జబ్బు ఊళ్లకి ఊళ్లనే పట్టుకుంది. షుగరు లేనివాళ్లకి, పొలం పని తప్ప వేరే తెలియనివాళ్లకి వస్తోంది. నీళ్లా, సిలికానా, పురుగుమందులా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, నొప్పి మాత్రలా అని దేశవిదేశీ బృందాలొచ్చి వెతికాయి. ఒక్క కారణమంటూ తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో నీళ్లు తెచ్చే పథకం, 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. డయాలసిస్‌కి వెళ్లేవాళ్ల ఇళ్లలో నీళ్లు కొలిచి తాగుతారు. రోజుకి ఇన్ని గ్లాసులని, కూరలో నీళ్లతో సహా లెక్క. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి అవి వద్దంటారు డాక్టర్లు. చుట్టూ ఎటు చూసినా కొబ్బరి చెట్లే ఉన్న ఊళ్లో ఆ మాట వినాలి. పండ్ల రసాలకీ అదే లెక్క.

పంపర పనస విషయంలో పొటాషియం కాక ఇంకో చిక్కుంది. అది బయటపడ్డ తీరుకీ మన గ్లాసుకీ దగ్గర చుట్టరికం. కెనడాలో డేవిడ్ బెయిలీ అనే ఔషధ శాస్త్రవేత్త ఫెలోడిపిన్ అనే బీపీ మాత్రకీ మద్యానికీ పడుతుందో లేదో పరీక్షిస్తున్నాడు. ఎవరు తాగింది మద్యమో, ఎవరిది కాదో తెలియకుండా ఉండాలి కదా. ఆల్కహాల్ రుచి కప్పిపుచ్చడానికి రెండు గ్లాసుల్లోనూ గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపాడు. మద్యం తాగినవాళ్లలోనే కాదు, ఉత్త రసం తాగినవాళ్లలోనూ మందు రక్తంలో ఊహించినదానికి ఎన్నో రెట్లు కనిపించింది. తప్పు మద్యానిది కాదు, రసానిది. 1989లో ఈ సంగతి అచ్చయింది. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరానోకౌమరిన్లు పేగుల్లో మందుని విరిచే ఎంజైమును పనిచేయనివ్వవు. మామూలుగా సగానికి పైగా పేగుల్లోనే పోవాల్సిన మందు చాలా ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. ఒక గ్లాసు ప్రభావం ఒక్క పూటతో పోదు, మర్నాటికీ ఉంటుంది. కొన్ని బీపీ మందులు, కొలెస్ట్రాల్‌కిచ్చే స్టాటిన్లలో కొన్ని, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు జీవితాంతం మింగే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఈ జాబితాలోవే. ఈ గుణం పిల్లకి తల్లి నుంచే వచ్చింది. 2003లో జపాన్ వైద్యులు, కిడ్నీ మార్పిడి జరిగిన ఒక రోగి పంపర పనస తిన్నాక రక్తంలో టాక్రోలిమస్ పెరిగిపోయిందని వైద్య పత్రికకి రాశారు.

బారుల్లో గ్రేప్‌ఫ్రూట్ పానీయం అమ్మే ఊళ్లలో ఈ హెచ్చరిక మందుల డబ్బా మీదే ఉంటుంది. మన మందుల షాపులో అమ్మే పట్టీ మీద ఎక్కడో సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘గ్రేప్‌ఫ్రూట్’ అని ఉన్నా, ఉద్దానం ముసలమ్మకి అది తన బావిగట్టు చెట్టు గురించేనని ఎలా తెలుస్తుంది? కిడ్నీ రోగులకిచ్చే ఆహార పట్టికలో కొబ్బరి నీళ్ల పక్కనే పంపర పనస అని తెలుగులో ఒక్క మాట రాస్తే సరిపోతుంది. ఖర్చు లేని పని.

కల్లు సంగతి కూడా అంతే. ఉద్దానం జబ్బుకి కల్లే కారణమని ఎవరూ తేల్చలేదు. అయినా డయాలసిస్ మనిషికి ఒక్క గుక్క కల్లు కూడా నీటి కింద లెక్కకొస్తుంది, అందులోని పొటాషియం విడిగా. ‘తేలిక’ అన్న మాట ఆరోగ్యవంతుడి కాలేయం వరకే చెల్లుతుంది.

అందుకే నేను చెప్పిన కొలతలు విశాఖ నుంచో బరంపురం నుంచో పండక్కి వచ్చిన, ఏ మాత్రా వేసుకోని చుట్టాలకి. వచ్చినవాళ్లలో బీపీ మాత్రలో, కొలెస్ట్రాల్ మాత్రలో వాడేవాళ్లుంటే పంపర పనస పక్కన పెట్టి బత్తాయి పిండండి. బత్తాయిలో ఆ పదార్థాలు దాదాపు ఉండవు. చేదు తగ్గుతుంది, దానికి నాలుగు కాకరకాయ చెక్కులు ఉప్పులో ఊరబెట్టి వెయ్యొచ్చు. కిడ్నీ మనిషికైతే ఏ గ్లాసైనా, అందులో కల్లున్నా లేకపోయినా, డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వాలి. ఆ ఇంటి ఇల్లాలికి ఆ కొలత మనకంటే బాగా తెలుసు, ఆవిణ్నే అడగండి.